నాన్న డబ్బు, నెలకొకరి బాకీ: నా అనుభవం

నాన్న పోయాక ఆయన దాచిన డబ్బును అమ్మ మూడు వాటాలు చేసింది. తనకొకటి, అప్పకొకటి (మా అక్కను అప్ప అంటాం), నాకొకటి. నా వాటా నాలుగు లక్షలు. ముప్పై ఏళ్లకు పైగా ఆర్టీసీ బస్సుల్లో నిలబడి టికెట్లు కొట్టిన మనిషి కూడబెట్టిన డబ్బు అది. ఇంటి లోన్‌లో కట్టేయమని మా ఆయన అన్నారు. బంగారం కొనుక్కోమని మా అత్తయ్య అన్నారు. రెండూ మంచి సలహాలే కానీ నాకు చెయ్యి రాలేదు. చివరికి 2023లో, విశాఖపట్నంలో మా ఇంటి దగ్గరున్న పోస్టాఫీసుకు వెళ్లి మంత్లీ ఇన్‌కమ్ స్కీంలో వేసేశాను. 7.4 శాతం వడ్డీ, ఐదేళ్ల గడువు. నెలనెలా 2,466 రూపాయలు నా ఖాతాలో పడతాయి.

మొదటి వడ్డీ పడినప్పుడు అమ్మను అడిగాను, దీన్ని ఏం చెయ్యమంటావని. గుడికి ఇవ్వమంటుందనుకున్నాను. "మీ నాన్న ఎవరికి బాకీ ఉన్నాడో వాళ్లకియ్యి. ఆ బాకీలు తీరితే నీ బాకీలు చూసుకో" అంది. నాన్న ఎవరి దగ్గరా రూపాయి అప్పు చేసిన మనిషి కాదు. అమ్మ చెప్పింది డబ్బు బాకీ గురించి కాదని నాకు అర్థమైంది. ఆ రాత్రి క్యాలెండర్ ముందేసుకుని నెలకొక పేరు రాశాను. నాన్న, మావయ్య, ఎదురింటి పాప, తెలుగు మాస్టారు, అమ్మమ్మ. ఒక్కో పేరు పక్కన, ఆ మనిషికి కష్టమొచ్చినప్పుడు ఎవరు ఆదుకున్నారో, ఏది అందక ఇబ్బంది పడ్డారో రాశాను. నా పన్నెండు నెలల పని అలా తయారైంది.

మా ఆయనకు ఇది మొదట నచ్చలేదు. "ఏడాదికి ముప్పై వేలు ఒకే చోట ఇస్తే వాళ్లకు నిలబడుతుంది. పన్నెండు ముక్కలు చేస్తే ఎవరికీ ఆనదు" అన్నారు. ఆ మాటలో నిజముంది. కానీ సేవ చేసే సంస్థలకు ఎప్పుడో ఒకసారి వచ్చే పెద్ద మొత్తం కన్నా ఖాయంగా వచ్చే చిన్న మొత్తమే ఎక్కువ అక్కరకొస్తుంది. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఏ నెల ఎవరికని రాసుకున్నానో, ఏటా ఆ నెల వాళ్లదే. ఆ సంగతి ముందే చెప్పేస్తాను: ప్రతి మార్చిలోనూ ఇంత వస్తుంది, లెక్కలో వేసుకోండి అని. ఒక్కరికే ఇవ్వమంటే మాత్రం నా వల్ల కాదు. నేను ఒక్కరికే బాకీ లేను కదా.

మొదటి వడ్డీ పడింది సెప్టెంబరులో. ఆగస్టు 25 నుంచి సెప్టెంబరు 8 దాకా మన దేశంలో నేత్రదాన పక్షోత్సవాలు జరుగుతాయి. నాన్న పేరుకు ఆ నెలే సరిపోయింది.

నాన్న 2023 సంక్రాంతి వెళ్లిన వారంలో, అర్ధరాత్రి దాటాక గుండెపోటుతో ఇంట్లోనే పోయారు. పండక్కి వచ్చిన అప్ప ఇంకా విజయవాడ వెళ్లలేదు. మేమందరం ఏడుస్తుంటే అప్ప ఒక్కతే లేచి నేత్రదానాలు తీసుకునే ఐ బ్యాంక్‌కు ఫోన్ చేసింది. నాన్న బస్సులో చూపు లేని కుర్రాడొకడు రోజూ కాలేజీకి వెళ్లేవాడట. వాణ్ణి చెయ్యి పట్టుకుని దింపి వచ్చిన రోజుల్లో నాన్న ఇంట్లో అనేవారు, "నా కళ్లు ఎవరికైనా పనికొస్తే ఇచ్చెయ్యండే" అని. అప్ప అది మర్చిపోలేదు. ఫోన్‌లో వాళ్లు చెప్పినట్టు ఫ్యాన్ ఆపేశాం. రెప్పలు మూసి పైన తడి దూది పెట్టాం. తల కింద దిండు పెట్టి కాస్త ఎత్తు చేశాం. చనిపోయిన ఆరు గంటల్లోపు కార్నియా తీసుకోవాలి. ఇద్దరు కుర్రాళ్లు చిన్న పెట్టెతో వచ్చారు. అమ్మ వాళ్ల చెయ్యి పట్టుకుని "మొహం పాడవదు కదా బాబూ" అని అడిగింది. "కన్నంతా తియ్యమమ్మా, పైనున్న పలచటి పొర ఒక్కటే" అన్నారు. పరీక్షల కోసం కొంచెం రక్తం కూడా తీసుకున్నారు. ఇరవై నిమిషాల్లో పని అయిపోయింది. తెల్లారి చుట్టాలు వచ్చి చూస్తే ఎవరికీ తేడా తెలియలేదు.

ఆ ఇద్దరు కుర్రాళ్లకు మేం బాకీ. ఆ డబ్బు తీసుకుని ఐ బ్యాంక్‌కు వెళ్లాను. అక్కడి కౌన్సెలర్ అమ్మాయి నన్ను కూర్చోబెట్టి, "డబ్బు ఎప్పుడైనా తీసుకుంటాం మేడమ్, మాకు అసలు కావాల్సింది ఫోన్లు" అంది. నేత్రదానం చేస్తామని కార్డు మీద సంతకం పెట్టిన వాళ్లు చాలామందే ఉంటారు. కానీ పోయిన మనిషి లేచి ఫోన్ చెయ్యలేడు. ఇంట్లోవాళ్లు ఒప్పుకోవాలి, ఎవరో ఒకరు గుర్తు చెయ్యాలి, అదీ ఆరు గంటల్లోపు. కళ్లజోడు ఉన్నా, బీపీ, షుగర్ ఉన్నా, శుక్లాల ఆపరేషన్ అయినా ఇవ్వొచ్చని చాలామందికి తెలియదు. ఆ డబ్బుతో తెలుగులో చిన్న కార్డులు అచ్చు వేయించాను. ఫ్యాన్ ఆపడం, తడి దూది, దిండు, ఫోన్ నంబర్, అంతే. ఎవరికి పంచాలా అని ఆలోచిస్తుంటే అప్పే చెప్పింది: మనిషి పోగానే మొదట ఫోన్ వెళ్లేది ఫ్రీజర్ బాక్సు అద్దెకిచ్చే వాళ్లకు, వైకుంఠ రథం డ్రైవర్లకు. వాళ్లకే ఇచ్చాం. ఒక ఫ్రీజర్ బాక్సు ఆయన కార్డును బాక్సు మూత మీదే అతికించుకున్నాడు. కానీ ఆ బాక్సు ఇంటికి చేరేదాకా ఆగకుండా, ఫోన్‌లోనే ఒక మాట అడగమని ఆయనకు చెప్పి వచ్చాను.

మొదటి నెలే నాకు ఒక సంగతి తెలిసొచ్చింది. చేతిలో డబ్బుతో వెళ్లినా, ముందు మీకేం కావాలని అడగాలి. మనం ఇంట్లో కూర్చుని ఊహించుకున్నది వాళ్ల అవసరం కాకపోవచ్చు. మార్చి నెల దీన్ని నాకు బాగా నేర్పింది.

మా అమ్మమ్మగారి ఊరు శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం, ఉద్దానం ప్రాంతం. ఉద్దానం అంటే అందరికీ గుర్తొచ్చేది కిడ్నీ జబ్బే. కానీ ఆ ప్రాంతం ఎంత పచ్చగా ఉంటుందో చూసినవాళ్లకే తెలుస్తుంది. కొబ్బరి, జీడి, పనస తోటలు, మధ్యలో ఇళ్లు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, ఎటు వెళ్లినా ఇంటికో వీధికో ఒక డయాలసిస్ కథ ఉంటుంది. ఎన్నో ఏళ్లుగా దేశంలోని, విదేశాల్లోని పరిశోధకులు వచ్చి నీళ్లు, మట్టి, రక్తం పరీక్షలకు పట్టుకెళ్లారు. ఇలాంటి జబ్బే శ్రీలంకలోనూ, నికరాగువా, ఎల్ సాల్వడార్‌లలోనూ పొలం పనులు చేసేవాళ్లకు వస్తోంది. ఇదీ కారణం అని మాత్రం ఇప్పటికీ ఎవరూ తేల్చి చెప్పలేదు. షుగర్ లేదు, బీపీ లేదు, పొలానికి వెళ్లొచ్చే మనిషి ఒకరోజు కాళ్లు వాచి పడిపోతాడు. అప్పటికే రెండు కిడ్నీలూ దెబ్బతిని ఉంటాయి.

మా మావయ్య అలాగే పడిపోయాడు. అప్పట్లో డయాలసిస్‌కు విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రికి, అదే కేజీహెచ్‌కు, రావాల్సి వచ్చేది. మా ఇంట్లోనే దిగేవాడు. నేను డిగ్రీ చదువుతున్నాను. నాలుగు గంటల సేపు రక్తాన్ని యంత్రంలో తిప్పి ఎక్కించాక, మనిషి పిండేసినట్టుండేవాడు. అయినా నాకు బాగా గుర్తుండిపోయింది నీళ్ల సంగతి. కిడ్నీ పని చెయ్యని మనిషి తాగిన నీళ్లన్నీ ఒంట్లోనే ఉండిపోతాయి కాబట్టి రోజంతటికీ కొలిచి ఇస్తారు. అత్త ఒక స్టీలు గ్లాసుకు గీత గీసి పెట్టింది. మందులేసుకోవడానికి కూడా ఆ నీళ్లే. ఎండాకాలం మావయ్య ఒక ఐసుముక్క నోట్లో వేసుకుని, అది కరిగేదాకా కళ్లు మూసుకుని కూర్చునేవాడు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, అది పెరిగితే గుండె ఆగే ప్రమాదముందని డాక్టర్లు వద్దన్నారు. రెండెకరాల కొబ్బరితోట ఉన్న మనిషి తన తోటలోని బొండం తాగకూడదు. ఆ తోటను కూడా 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పడగొట్టేసింది. అది చూడటానికి మావయ్య లేడు.

మార్చి రెండో గురువారం ప్రపంచ కిడ్నీ దినం. ఆ నెలకు మావయ్య పేరు రాసుకుని, మంచినీళ్ల క్యాన్లు పంచుదామని మనసులో పెట్టుకుని ఊరు వెళ్లాను. అప్పటికి పరిస్థితి చాలా మారింది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరిచారు. హిరమండలం రిజర్వాయరు నుంచి పైపుల్లో మంచినీళ్లు తెచ్చే 700 కోట్ల పథకం కూడా అప్పుడే మొదలైంది. డయాలసిస్ ఉచితం. చేయించుకునే వాళ్లకు నెలకు 10,000 రూపాయల పింఛను వస్తోంది. ఇంకేం కావాలో తెలియక మావయ్య కొడుకుని, అంటే మా బావని అడిగాను. బావ ఆలోచించకుండా "ఆటో" అన్నాడు.

వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్. పోనూ రానూ ఆటోకు ఇవ్వాలి. తెల్లవారుజామున మొదటి షిఫ్టు అంటే చీకట్లోనే బయల్దేరాలి, అప్పుడు బస్సులుండవు. ఒంటరిగా పంపలేరు కాబట్టి ఇంట్లో ఒకరికి ఆ రోజు కూలి పోతుంది. పింఛనులో చాలా భాగం ఇలా దారిలోనే అయిపోతుంది. డబ్బు చాలని నెలలో కొందరు మూడో డయాలసిస్ ఎగ్గొడతారు. అక్కడే ప్రాణం మీదికి వస్తుంది. ఆ ఊళ్లో ఒకే రోజు వెళ్లే వాళ్లను ఒక ఆటోలో కలిపి పంపితే ఖర్చు తగ్గుతుందని బావ లెక్క వేశాడు. ఆటో అబ్బాయి వాళ్ల నాన్న కూడా ఈ జబ్బుతోనే పోయాడు. ముందే డబ్బులిస్తానంటే తీసుకోలేదు. "నెలాఖరుకి లెక్క సూసుకుని ఇద్దువు గానీ అప్పా, నానెక్కడికి పోతాను" అన్నాడు. నెలాఖరున ఒక నోటుబుక్కు పేజీ ఫొటో పంపాడు. ఏ తేదీన ఎవరెవరు ఎక్కారో, ఎన్నింటికి దింపాడో అన్నీ రాసి ఉన్నాయి. ఒక తేదీ పక్కన ఒక పేరు కొట్టేసి ఉంది. ఆవిడ ఆ వారం పోయింది. ఆ వారం ఆవిడకు వెయ్యాల్సిన ఛార్జీ అతను లెక్కలోంచి తీసేశాడు. నా ఒక్క నెల డబ్బు మార్చికే సరిపోతుంది. ఆ సంగతి తెలిసి ఊరివాళ్లు, గల్ఫ్‌లో ఉన్న ఆ ఊరి కుర్రాళ్లు కొందరు మిగతా నెలలు పంచుకున్నారు. ఇప్పుడు ఆ ఆటో నడుస్తూనే ఉంది.

ఏప్రిల్ చలివేంద్రం. ఇది కూడా నాన్న బాకీయే. ఎండాకాలం ట్రిప్పుల్లో బస్టాండు చలివేంద్రంలో నీళ్లు తాగి బతికానని చెప్పేవారు. కుండలు, వాటి కింద పరిచే ఇసుక, పైన కట్టే తడిగుడ్డ, పొడుగు కాడ గరిటె ఇవన్నీ ఒకసారి కొంటే సరిపోతుంది. అసలు ఖర్చు నీళ్లు పోసే మనిషి జీతం. ఇంటి దగ్గర ఒంటరిగా ఉండే ఒక మామ్మ ఆ పని చేస్తానంది. ఆవిడకు నెల జీతం, ఎండ ఎక్కువున్న రోజుల్లో మజ్జిగ. ఆ నెలంతా పెద్దగా తిరగాల్సిన పని లేదు.

మే నెల ఎదురింటి పాపది. తలసేమియా, అంటే ఒంట్లో రక్తం సరిగా తయారుకాని, పుట్టుకతో వచ్చే జబ్బు ఉన్న బిడ్డ. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించిన వారం మెట్లెక్కి దిగుతూ మా గుమ్మంలో గొడవ చేస్తుంది. మూడో వారానికి మొహం పాలిపోయి, సోఫాలో కూర్చుని టీవీ చూస్తుంటుంది. ఎక్కించిన రక్తంతో ఒంట్లో ఇనుము పేరుకుపోతుంది, అది గుండెకూ కాలేయానికీ చేటు. దాన్ని బయటికి పంపే మాత్రను వాళ్లమ్మ రోజూ పొద్దున్నే పరగడుపున నీళ్లలో కరిగించి, పాప వెనక గ్లాసు పట్టుకు తిరుగుతుంది. అడుగున మిగిలిన పొడి కూడా కడిగి తాగించాలి.

మే 8 ప్రపంచ తలసేమియా దినం. నేను మే ఎంచుకోవడానికి ఇంకో కారణం ఉంది. రక్తదాన శిబిరాలు ఎక్కువగా కాలేజీల్లో జరుగుతాయి. ఎండాకాలం సెలవులివ్వగానే రక్తం దొరకడం కష్టమవుతుంది. పాప వాళ్ల నాన్న మే నెలలో పడే టెన్షన్ నేను కళ్లారా చూశాను. ఆ నెల డబ్బు పాప వెళ్లే డే కేర్ సెంటర్‌లో కట్టలేని పిల్లల పరీక్షలకు ఇస్తాను. డబ్బుతో పాటు రక్తం కూడా ఇద్దామని మొదటి మేలో బ్లడ్ బ్యాంక్‌కు వెళ్లాను. హిమోగ్లోబిన్ కనీసం 12.5 ఉండాలి. నాకు 11 కూడా లేదు. "మీకే ఎక్కించాలి మేడమ్" అని సిస్టర్ నవ్వింది కానీ నాకు బాధేసింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత. అందులో నేనూ ఉన్నానని అప్పటిదాకా అనుకోలేదు. ఆ ఏడాది ఇనుము మాత్రలు క్రమం తప్పకుండా వేసుకున్నాను. మునగాకు పప్పు వారంలో తప్పనిసరి అయింది. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటు మానేశాను, టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. మరుసటి మేలో గీత దాటాను. నా బరువుకి 350 మిల్లీలీటర్లు తీసుకున్నారు. ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు, మగవాళ్లయితే మూడు నెలలకోసారి. ఇస్తున్నాను.

మేనత్త కూతురి పెళ్లి కుదిరినప్పుడు, ఇద్దరికీ హెచ్‌బీఏ2 పరీక్ష (తలసేమియా వాహకులో కాదో చెప్పే రక్తపరీక్ష) చేయించమని పట్టుబట్టాను. తల్లీ తండ్రీ ఇద్దరూ తలసేమియా వాహకులైతే, అంటే తమకు జబ్బు లేకపోయినా దాని జన్యువు మోస్తున్నవాళ్లైతే, ప్రతి కాన్పులోనూ నాలుగోవంతు అవకాశం, బిడ్డకు జబ్బు రావడానికి. శుభమా అని పెళ్లి చేసుకుంటుంటే రక్తపరీక్షలేమిటని అత్త కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. జాతకాలు చూసినంత సేపు పట్టదు కదా ఈ పరీక్షకు. ఎదురింటి పాపను పక్కన పెట్టుకుని నేను మాట్లాడకుండా ఎలా ఉంటాను?

డబ్బు ఇచ్చేముందు చూసుకోవాల్సిన విషయాలు కొన్ని ఆఫీసులో అకౌంట్స్ పని చేస్తున్నందువల్ల నాకు ముందే తెలుసు. సంస్థకు 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు (సేవాసంస్థలకు ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే గుర్తింపులు) ఉన్నాయా, నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో నమోదయ్యారా, గత సంవత్సరపు లెక్కలు చూపిస్తారా అని అడుగుతాను. 80జీ కింద పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. అదీ 2,000 రూపాయలు దాటితే నగదుగా ఇవ్వకూడదు, బ్యాంకు ద్వారానే ఇవ్వాలి, సంస్థ నుంచి విరాళం సర్టిఫికెట్ రావాలి. నేను కొత్త విధానంలో ఉన్నాను కాబట్టి నాకు పైసా మినహాయింపు లేదు. అయినా రసీదు తప్పకుండా అడుగుతాను. రసీదు అడిగితే చిన్నబుచ్చుకునే చోట మళ్లీ ఇవ్వను. ఒక సంస్థకు ఒక్కసారి ఇచ్చినందుకు రోజూ ఫోన్ చేసి ఎక్కడో బిడ్డ ఏడుపు వినిపించడం మొదలుపెట్టారు. వాళ్ల నెలను వేరేవాళ్లకు మార్చేశాను. వాట్సాప్‌లో వచ్చే క్యూఆర్ కోడ్‌లకు అసలు పంపను. మా బంధువుల గ్రూపులో తిరిగిన ఒక పసివాడి ఫొటోను గూగుల్‌లో వెతికితే ఏళ్ల కిందటిది, వేరే రాష్ట్రంలోనిది అని తేలింది. ఆ బిడ్డ ఫొటో పెట్టి ఇంకెవరో సంపాదించుకుంటున్నారంటే ఎంత కోపమొచ్చిందో చెప్పలేను.

అన్ని నెలలూ ఆసుపత్రులే కాదు. ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం, ఆ నెల అమ్మమ్మది. పెళ్లికి ముందు ఆవిడ పొందూరు దగ్గర పల్లెలో నూలు వడికేది. పొందూరులో ఇప్పటికీ వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని శుభ్రం చేస్తారు. మొదటిసారి వెళ్లినప్పుడు ఒక పెద్దావిడ ఆ ఎముకను నా చేతిలో పెట్టింది. దువ్వెన కన్నా సన్నగా, ఒత్తుగా పళ్లు. వేలితో రాస్తే గీరుకుంటుంది. దాంతో గింజ మీది దూదిని చిన్నగా దువ్వుతుంటే నలక అంతా రాలిపోతుంది. అంత ఓపికతో పని చేసే చేతులకు దక్కేది చాలా తక్కువ. అక్కడ నేను విరాళం అనలేదు, అనాలనిపించలేదు. ఆ నెల డబ్బుకు ఇంకొంత కలిపి బేరమాడకుండా బట్ట కొంటాను. మా ఆయన షర్టులు ఇప్పుడు పొందూరువే. ఒకసారి ఆఫీసులో ఎవరో అడిగితే ఇంకో నలుగురు తెప్పించుకున్నారు.

నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. ఆ నెల మా తెలుగు మాస్టారిది. చదివిన ప్రతి పత్రికనూ దాచిన మనిషి. ఆయన పోయాక ఆ ట్రంకు పెట్టెలు కిలోల లెక్కన వెళ్లిపోబోతుంటే వాళ్లబ్బాయిని బతిమాలి ఆపాను. శ్రీకాకుళంలో కారా మాస్టారు, అదే కాళీపట్నం రామారావు గారు, 1997లో నెలకొల్పిన కథానిలయం ఉంది. తెలుగులో అచ్చయిన కథలన్నీ ఒకచోట ఉండాలని మొదలుపెట్టిన లైబ్రరీ. అన్నీ మూటగట్టి పంపేయకుండా, ఇంట్లో కూర్చుని ఏ పత్రిక, ఏ ఏడాది, ఏ నెల అని జాబితా రాశాను. వాళ్ల దగ్గర లేని సంచికలు ఏవో చూసుకుని అవి పంపితే చాలు కదా. మిగిలినవి బైండు చేయించి మా హైస్కూలుకు ఇచ్చాను. జాబితా రాస్తుంటే మార్జిన్లలో మాస్టారి పెన్సిల్ రాత కనిపించేది. "బాగుంది." "ముగింపు తొందరపడ్డాడు." ఆ నెల నా మనసు ఎంత నిండిందో!

జనవరి మా అబ్బాయి అడిగి తీసుకున్నాడు. వాడి బాకీ సముద్రపు తాబేళ్లకట. ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరంలో ఈ కాలంలోనే ఇసుకలో గుడ్లు పెడతాయి. అటవీ శాఖ వాళ్లు, వాలంటీర్లు రాత్రుళ్లు తిరిగి ఆ గుడ్లను కంచె వేసిన చోటికి చేర్చి, పిల్లలు బయటికొచ్చాక సముద్రంలో వదులుతారు. వాళ్లు డబ్బు అడగలేదు. బీచ్‌లో చెత్త, తెగిన వలలు ఏరమన్నారు. గ్లౌజులు, గోనెసంచులు కొని, వాడి క్లాసు పిల్లలను ఆదివారాలు తీసుకెళ్తున్నాం.

2024లో నా క్యాలెండర్ తలకిందులైంది. సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ మునిగింది. అప్ప వాళ్లు ఉండేది సింగ్‌నగర్‌లో. కింద ఇల్లంతా నీళ్లు, మేడ మీద ఎవరో తెలియని వాళ్లతో కలిసి ఉన్నారు. పడవలో వచ్చి పాల ప్యాకెట్లు, అన్నం పొట్లాలు అందించిన కుర్రాళ్ల పేర్లు ఇప్పటికీ అప్పకు తెలియవు. ఆ సెప్టెంబరు వడ్డీ, దానికి తోడు అక్టోబరుది కూడా ఆ వీధిలో ఇళ్లు కడుక్కోవడానికి వెళ్లింది. నీళ్లు తీసేశాక బియ్యం చాలామంది తెచ్చారట. చీపుర్లు, ఫినాయిల్, బ్లీచింగ్, పరుపులు ఎవరూ తేలేదు. బురద నాలుగు వేళ్ల మందాన పట్టిన ఇంట్లో బియ్యం ఎక్కడ వండుకుంటారు? అప్ప చీపుర్లు అడిగింది, చీపుర్లే పంపాను. అప్పటి నుంచి జూలై నెలను ఎవరి పేరూ రాయకుండా వదిలేశాను. ఎక్కడైనా ఆపద వస్తే ఆ నెల డబ్బు సిద్ధంగా ఉంటుంది.

ఈ మధ్యే అమ్మ జూలై తనకు కావాలంది. ఎందుకని అడిగితే, నాకు ఇన్నేళ్లూ చెప్పని సంగతి చెప్పింది. నేను పుట్టింది జూలైలో, కేజీహెచ్‌లో, నెలలు నిండకుండా. అమ్మకు జ్వరం తగులుకుని పాలు పడలేదు. పక్క మంచం ఆవిడ, టెక్కలి వైపు నుంచి కాన్పుకు వచ్చిన మనిషి, తన బిడ్డతో పాటు నాకూ పాలిచ్చిందట, అమ్మ కోలుకునేదాకా. "డిశ్చార్జి అయ్యేటప్పుడు పేరడగాలన్న జ్ఞానం కూడా లేదే నాకు" అని అమ్మ ఏడ్చింది. అన్ని పేర్లు రాసుకున్న నా క్యాలెండర్‌లో, నేను బతికున్నందుకు అసలు బాకీ పడ్డ మనిషి పేరే లేదు. ఇక ఉండదు కూడా.

ఆపదల కోసం డిసెంబరును ఖాళీ చేశాను. అమ్మ, నేను కలిసి ఒక ప్రభుత్వాసుపత్రిలో నెలలు నిండని పిల్లలను ఉంచే వార్డుకు వెళ్లి సిస్టర్‌ను అడిగాం. బిడ్డ లోపల ఉండగానే తల్లిని డిశ్చార్జి చేస్తే, ఆ తల్లులు పూటపూటా పాలు తీసి ఇవ్వడానికి అక్కడక్కడే తిరుగుతుంటారట. ముందు బటన్లున్న నైటీలు, వేడినీళ్లకు ఫ్లాస్కులు, పాలు పట్టడానికి మూతలున్న చిన్న స్టీలు గిన్నెలు చెప్పింది. రాత్రిపూట కాస్త రాగిజావ దొరికితే బాగుంటుందంది. జావ సంగతి అమ్మ తన మీద వేసుకుంది. అప్ప తన వాటా డబ్బు వడ్డీ కూడా జూలైకి కలుపుతానంది. నైటీలు పూర్ణా మార్కెట్‌లో హోల్‌సేల్‌గా ఇస్తారని తెలిసింది. వచ్చే ఆదివారం ముగ్గురం వెళ్తున్నాం.